ఇల్లు ఎవరి అప్పు మీద లేచింది?

సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాక బొబ్బిలిలోనే ఉండిపోయాను. అప్పట్నుంచి నా దగ్గరికి వచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం ఇంటి కాగితాలే. మాజీ సైనికుల లోను ఫారాలు, భర్త పోయిన ఆడపిల్లల అర్జీలు, హౌసింగ్ ఆఫీసుకు పెట్టుకునే దరఖాస్తులు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో వీధికొక ఫౌజీ ఉన్న ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఎక్కడ పనిచేసినా వాళ్ల ధ్యాస ఊళ్లో కట్టబోయే ఇంటి మీదే ఉంటుంది. ఆ ఇంటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు తీర్చాలి అన్నది మాత్రం పునాది తవ్వేముందు అడిగేవాళ్లు తక్కువ. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

1. ఉచితం అన్న ఇంటి వెనక కూడా అప్పు పత్రం ఉంటుంది

పేదలందరికీ ఇళ్లు పథకం కింద బొబ్బిలి వార్డులో ఒక కూలి కుటుంబానికి లక్షా 80 వేల ఇల్లు మంజూరైందనుకుందాం. అందులో లక్షన్నర ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) కింద కేంద్రం ఇచ్చే డబ్బు. మరి కేంద్రానికి ఆ లక్షన్నర ఎక్కడిది? పన్నుల డబ్బు కొంత. తక్కింది అప్పు. పట్టణ ఇళ్ల కోసం 2018 ఫిబ్రవరిలో 60 వేల కోట్ల రూపాయలతో జాతీయ పట్టణ గృహనిర్మాణ నిధికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఆ నిధికి కేంద్ర ప్రభుత్వ సంస్థ హడ్కో బాండ్లు అమ్మి డబ్బు తెచ్చింది. పల్లె ఇళ్లకు నాబార్డు అదే పని చేసింది. బాండ్ల మీద పేరు హడ్కోది, నాబార్డుది. అసలూ వడ్డీ కట్టే పూచీ మాత్రం పూర్తిగా భారత ప్రభుత్వానిది.

ఇలాంటి బాండ్లు కొనేది ఎవరు? బీమా సంస్థలు, ప్రావిడెంట్ ఫండ్ ట్రస్టులు, బ్యాంకులు. అంటే జూట్ మిల్లు కార్మికుడి జీతంలో కోసిన పీఎఫ్, టీచరమ్మ కట్టిన బీమా ప్రీమియం, మన ఫిక్స్‌డ్ డిపాజిట్ అన్నీ ఎక్కడో ఒకచోట కలిసి ఆ కూలి కుటుంబానికి గోడగా లేస్తున్నాయి. ఇది తెలిసిన రోజు నాకు చాలా గౌరవంగా అనిపించింది. ఒకరు దాచుకున్న సొమ్ము మరొకరికి నీడవుతోంది. అందుకే ఆ సొమ్ము తిరిగొచ్చే దారి గురించి పట్టించుకోవాలంటాను.

2021-22 బడ్జెట్ నుంచి కేంద్రం ఇలాంటి అప్పుల్ని బడ్జెట్ బయట ఉంచకుండా లెక్కలోకి తీసుకొచ్చింది. మంచి పని. ఎంత అప్పు ఉందో కనపడితేనే తీర్చే ఆలోచన వస్తుంది.

2. అప్పని మొదటి రోజే చెప్పాలి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో పుట్టింది. ఆ తర్వాత పక్కా ఇళ్లు లక్షల సంఖ్యలో లేచాయి. పూరిపాకలు, తాటాకు కొంపలు పోయి శ్లాబులొచ్చాయి. వాటికి సబ్సిడీ కొంత, లబ్ధిదారు పేరు మీద అప్పు కొంత. సంస్థ కూడా హడ్కో లాంటిచోట్ల అప్పు తెచ్చే కట్టించింది. కానీ తాళం చేతిలో పెట్టినప్పుడు అప్పు మాట ఎవరూ గట్టిగా చెప్పలేదు. వసూలుకీ ఎవరూ రాలేదు. వాళ్లు ఇది సర్కారు ఇచ్చిన ఇల్లనే అనుకున్నారు.

2021 డిసెంబరులో ఆ పాత లెక్క బయటకొచ్చింది. 1983 నుంచి 2011 ఆగస్టు 15 వరకు సంస్థ దగ్గర అప్పుతో ఇల్లు కట్టుకున్నవాళ్లు ఒకేసారి ఇంత కడితే మిగతా బాకీ మాఫీ, ఇల్లు వాళ్ల పేరున రిజిస్ట్రేషన్ అన్నారు. పల్లెలో 10 వేలు, మున్సిపాలిటీలో 15 వేలు, కార్పొరేషన్‌లో 20 వేలు.

ఒక పెద్దమ్మ రేకు పెట్టె పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. అందులో పట్టా కాగితం, మడత పెట్టినచోటల్లా చిరిగిపోయి, వెనక గుడ్డ అతికించి ఉంది. "ఏటి బావూ, రామారావు ఇచ్చిన ఇల్లు గదా ఇది! మా ఆయన పోయి ఇన్నేళ్లయింది. ఇప్పుడు డబ్బులేటి, ఎవలికి కట్టాల?" అంది. ఆమె ప్రశ్నలో తప్పేమీ లేదు. అప్పుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. వాయిదాలు పెట్టి నెలకు కొంచెం కొంచెంగా కట్టే దారి చూపితే ఏనాడో తీరిపోయేది. ఇల్లు బిడ్డల పేరు మీదకి ఎప్పుడో మారేది. కట్టగలిగిన ఆ రోజుల్లో అడగలేదు, కట్టలేని వయసులో అడిగారు.

రిజిస్ట్రేషన్ అవుతుందన్న మాట మాత్రం ఆమెకు మేలే. కాగితం చేతిలో ఉంటే కొడుక్కి రాసివ్వొచ్చు, బ్యాంకులో తనఖా పెట్టొచ్చు. కట్టగలిగితే కట్టి కాగితం తీసుకోమనే చెప్పాను.

3. ఓటు అడిగేముందే లెక్క చెప్పే పద్ధతి ఒకటుంది

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1921 నుంచి మాజీ సైనికులకు ఇంటి అప్పులు ఇస్తోంది. ఆ శాఖని కాల్‌వెట్ అంటారు. రాష్ట్రం బాండ్లు అమ్మి డబ్బు తెస్తుంది. ఆ డబ్బుతో ఇల్లు కొని సైనికుడికి వాయిదాల మీద అమ్ముతుంది. ఆఖరి వాయిదా కట్టేదాకా ఇంటి హక్కు శాఖ పేరు మీదే ఉంటుంది. సైనికులు నెలనెలా కట్టే ఆ వాయిదాలే బాండ్ల అసలూ వడ్డీ తీరుస్తాయి. వందేళ్లు దాటినా ఆ పద్ధతి నడుస్తోంది.

2018 నవంబరు 6న అక్కడ ప్రపోజిషన్ 1 అని ఒక బాండ్ల చట్టాన్ని ప్రజల ఓటుకు పెట్టారు. మొత్తం 400 కోట్ల డాలర్లు. అందులో 300 కోట్లు తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఇళ్లకి, 100 కోట్లు మాజీ సైనికుల ఇంటి అప్పులకి. నాకు నచ్చింది ఆ మొత్తం కాదు. ఓటుకు ముందు ప్రతి ఓటరు ఇంటికీ పంపిన పుస్తకంలో ఒక లెక్క రాశారు: సైనికుల భాగాన్ని సైనికులే తీరుస్తారు, తక్కిన 300 కోట్లు ఖజానా నుంచి తీర్చాలి, అందుకు ఏడాదికి సగటున 17 కోట్ల డాలర్లు 35 ఏళ్లపాటు అవుతుంది. అది చదివే జనం ఒప్పుకున్నారు. ఫ్రీమాంట్, శాన్ హోజే వైపు పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లకూ ఆ పుస్తకం వెళ్లే ఉంటుంది.

మన దగ్గర ఇంటి పథకాలకు పేర్లు మారతాయి, రంగులు మారతాయి. ఏడాదికి ఎంత, ఎన్నేళ్లు, ఎవరి జేబులోంచి అన్న ఆ ఒక్క వాక్యం మాత్రం ఏ కరపత్రంలోనూ కనపడదు.

4. కమ్యుటేషన్ సొమ్ము మొత్తం శ్లాబులో పొయ్యొద్దు

ఇది పెన్షన్ ఉన్న కుర్ర ఫౌజీలకు. మీరు ముప్పై అయిదో ఏటో, నలభయ్యో ఏటో రిటైరై వస్తారు. పెన్షన్‌లో సగం వరకు కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ముందే ఒకేసారి డబ్బుగా తీసుకోవచ్చు. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, గ్రూప్ ఇన్సూరెన్స్ అన్నీ ఒక్కసారే ఖాతాలో పడతాయి. జీవితంలో అంత డబ్బు ఒకచోట చూడటం అదే మొదలు, చాలామందికి అదే ఆఖరు. కమ్యూట్ చేసిన పెన్షన్ మళ్లీ చేతికి రావాలంటే 15 ఏళ్లు పడుతుంది. కరువు భత్యం మాత్రం మొత్తం పెన్షన్ మీదే లెక్క కడతారు, అది నయం. ఒక్కసారే వచ్చిన ఆ డబ్బు విత్తనాలకు దాచిన వడ్లలాంటిది. అదంతా సిమెంటులో పోసేస్తే పిల్లల చదువుకి, రెండో ఉద్యోగం దొరికేదాకా బతుకుకి ఏం మిగులుతుంది?

తక్కువ పడినప్పుడు ఏం చేస్తున్నారో కూడా చూస్తున్నాను. శ్లాబు దాకా చేతి డబ్బు, ఆపైన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో అప్పు. లెక్క వేసి చూడండి. 10 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి వడ్డీయే 20 వేలు, అసలు అలాగే ఉంటుంది. అదే 10 లక్షలు బ్యాంకులో 9 శాతానికి 15 ఏళ్లకి తీసుకుంటే నెలకి 10 వేల పైచిలుకు, అందులోనే అసలూ తీరిపోతుంది. బ్యాంకుకి వెళ్లడానికి మొహమాటం ఎందుకు? నెలనెలా తప్పకుండా వచ్చే పెన్షన్ కంటే గట్టి ఆధారం మన పట్టణంలో ఎందరికి ఉంది?

కానీ బ్యాంకు జంకుకీ కారణం ఉంది. 1871 నాటి పెన్షన్ల చట్టం ప్రకారం పెన్షన్‌ను అప్పులవాళ్లు జప్తు చెయ్యడానికి లేదు. సైనికుడి కుటుంబానికి అది రక్ష, తీసెయ్యమని నేను ఎప్పటికీ అనను. అందుకని పెన్షన్ పడే బ్యాంకులోనే లోను తీసుకుని, వాయిదా దానంతట అదే కట్ అయ్యేలా రాసిస్తే మేనేజరుకి ధైర్యం వస్తుంది. భార్యను సహ దరఖాస్తుదారుగా పెట్టండి. ఫ్యామిలీ పెన్షన్ కూడా లెక్కలోకి వస్తుంది.

5. వడ్డీ రాయితీ కాలం చూసుకుని ముగ్గు పొయ్యండి

2015లో మొదలైన పీఎంఏవైలో తక్కువ ఆదాయం వాళ్లకి 6 లక్షల వరకు లోను మీద 6.5 శాతం వడ్డీ రాయితీ ఉండేది. గరిష్ఠంగా 2.67 లక్షలు ముందే లోను ఖాతాలో జమయ్యేది. 2022 మార్చితో అది ముగిసింది. ఆ తర్వాత వచ్చి అడిగినవాళ్లకి లేదని చెప్పాల్సి రావడం బాధ అనిపించింది. ఇప్పుడు పట్టణాల్లో రెండో విడత నడుస్తోంది. ఏడాది ఆదాయం 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు ఉంటే మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ. గరిష్ఠంగా 1.80 లక్షలు, ఏడాదికొకటి చొప్పున అయిదు వాయిదాల్లో వస్తుంది. దేశంలో ఎక్కడా మీకు గానీ మీ భార్యకు గానీ పక్కా ఇల్లు ఉండకూడదు. నాన్న పేరు మీదున్న ఇల్లు మీ ఇల్లు కాదు, భయపడి దరఖాస్తు మానుకోవద్దు.

6. వీరనారి కాగితాలు ఒకే కవరులో ఉండాలి

యుద్ధంలో పోయినవాళ్ల భార్యలకి, యుద్ధంలో అంగవైకల్యం పొందినవాళ్లకి, సర్వీసు కారణంగా మరణించినవాళ్ల కుటుంబాలకి ఇంటి లోను వడ్డీలో సగం తిరిగి ఇచ్చే పథకం కేంద్రీయ సైనిక్ బోర్డు దగ్గర ఉంది. లక్ష రూపాయల పరిమితి ఉంది. ఏటా డిసెంబరు 7న జెండా దినం నాడు మనం డబ్బాలో వేసే రూపాయిలు ఇలాంటి సాయాలకే పోతాయి. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్లాలి. పీపీఓ, డిశ్చార్జి బుక్కు, బ్యాంకు ఇచ్చిన వడ్డీ సర్టిఫికెట్టు, ఆధార్, ఇంటి ప్లాను. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తిప్పి పంపిస్తారు. మన దగ్గర ఆడవాళ్ల పేరు డిశ్చార్జి బుక్కులో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉండటం మామూలే. భర్త బతికుండగానే సరిచేయించుకోవాలి. ఇది ఎంత చెప్పినా తక్కువే.

7. డబ్బు స్టేజీల మీద వస్తుంది, వాన మాత్రం అడక్కుండా వస్తుంది

పథకం ఇల్లయినా బ్యాంకు లోను ఇల్లయినా డబ్బు ఒక్కసారి పడదు. బేస్‌మెంట్ అయితే ఒక బిల్లు, గోడలు లేచి రూఫ్ లెవెల్ వస్తే ఒకటి, శ్లాబు పడ్డాక ఇంకొకటి. ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాకే కదులుతుంది. ఈ మధ్యలో తాపీమేస్త్రి వేరే పనికి పోతాడు. ఇసక ధర పెరుగుతుంది. ఒక ఇంటి వరండాలో పట్టా కప్పి ఉంచిన సిమెంటు బస్తాలు చూశాను. ఆషాఢంలో తడిసి రాళ్లయ్యాయి. వేలితో నొక్కితే అంచులు మాత్రం పొడిపొడిగా రాలాయి. పక్కనే బేస్‌మెంట్ మీద నిలబెట్టిన ఊచలు తుప్పెక్కి గులకరాళ్ల మీద ఎర్రటి మరకలు పడ్డాయి. ఆ ఇంటాయన విజయవాడలో పనికెళ్లి డబ్బు పంపుతున్నాడు. వచ్చిన డబ్బు వచ్చినట్టే అద్దెకు పోతోంది.

విజయనగరం పక్కన గుంకలాంలో 397 ఎకరాల్లో 12 వేల పైచిలుకు ప్లాట్లతో లేఅవుట్ వేశారు. అంత పెద్ద కాలనీ మన జిల్లాలో మునుపు లేదు. అలాంటి కాలనీల్లో లక్షా 80 వేలతో ఈ రోజుల్లో ఇల్లు పూర్తవదని అందరికీ తెలిసిన మాటే. ఆగిపోయిన ఇళ్లకి 2025లో బీసీలకు, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజనులకు లక్ష అదనంగా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పిందంటే అదే ఒప్పుకోలు. ముందే సరిపడా ఇచ్చి ఉంటే ఊచలు తుప్పెక్కేవి కావు.

పట్టణాల్లో అపార్టుమెంట్లుగా కట్టిన టిడ్కో ఇళ్ల కథ ఇంకా కష్టం. రాష్ట్రంలో 2.62 లక్షల ఇళ్లు. 365 చదరపు అడుగుల ఇంటికి 3.15 లక్షలు, 430 అడుగుల ఇంటికి 3.65 లక్షలు లబ్ధిదారు పేరు మీదే బ్యాంకు అప్పు. చాలాచోట్ల ఇల్లు అప్పగించడం ఏళ్లు ఆలస్యమైంది. బ్యాంకు నోటీసులు మాత్రం ఆలస్యం కాలేదు. తాళం చేతికి రాకముందు వాయిదా మొదలు కాకూడదని ఒక నియమం ఉండాలి. రాజకీయం ఏదైనా ఈ ఒక్క నియమం కోసం అన్ని పార్టీల వాళ్లూ కలిసి నిలబడాలని నా కోరిక.

8. బాండు కొనేవాళ్లు సంతకం ఎవరిదో చూడండి

రిటైరైన మాస్టార్లు, స్థలాలు అమ్ముకున్నవాళ్లు అడుగుతుంటారు కాబట్టి ఈ మాట. పట్టణంలో చాలాకాలంగా ఉన్న స్థలం అమ్మి లాభం వస్తే ఆరు నెలల లోపు 54ఈసీ బాండ్లలో 50 లక్షల వరకు పెడితే పన్ను తప్పుతుంది. అయిదేళ్లు తియ్యకూడదు. 2025 ఏప్రిల్ నుంచి హడ్కో బాండ్లకీ ఆ సౌకర్యం వచ్చింది. వడ్డీ తక్కువే, భద్రత ఎక్కువ. ఇల్లు కట్టిస్తాం, స్థలం ఇస్తాం, ఎక్కువ వడ్డీ ఇస్తాం అని ఊళ్లలో తిరిగే ఏజెంట్ల కాగితాలు బాండ్లు కావు. మన ఉత్తరాంధ్రలో ఎన్ని కుటుంబాలు వాటిలో మునిగాయో మీకు తెలుసు.

9. చిన్న ఊళ్లు చేతులు కలపాలి

బాండ్లు పట్టణాలూ అమ్ముకోవచ్చు. విశాఖ 2004లోనే నీటి సరఫరా కోసం 20 కోట్ల బాండ్లు అమ్మింది. 2018 డిసెంబరులో 10 శాతం వడ్డీకి మరో 80 కోట్లు తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో రాజధాని కోసం సీఆర్‌డీఏ అమరావతి బాండ్లు అమ్మి 2,000 కోట్లు తెచ్చింది. వడ్డీ 10.32 శాతం. అంటే మొదట్లో వడ్డీయే ఏడాదికి 206 కోట్లు. ప్రభుత్వం మారింది, రాజధాని మాట మారింది, ఆ బాండ్ల రేటింగ్ తగ్గింది. బాండు మాత్రం మారలేదు, దాని వడ్డీ దానికి కట్టాల్సిందే. అప్పు పత్రానికి అయిదేళ్ల పదవీకాలం ఉండదు.

బొబ్బిలి మున్సిపాలిటీ ఒంటరిగా బాండ్లు అమ్మగలిగే స్థితిలో లేదు. ఇంటి పన్ను రాబడి చిన్నది, రేటింగ్ రాదు. కానీ దారి లేకపోలేదు. తమిళనాడులో 2002లో 13 చిన్న పట్టణాలు ఒక్కటై ఉమ్మడి నిధి ద్వారా 30 కోట్ల బాండ్లు అమ్మాయి. రాష్ట్రం వెనక నిలబడింది. సగం అసలుకి అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ హామీ ఇచ్చింది. ఒక్కొక్కటీ వెళ్తే ఏ బ్యాంకూ ఖాతరు చెయ్యని ఊళ్లవి. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, రాజాం కలిస్తే కొత్త కాలనీలకు మంచినీళ్లు, కాలవలు, రోడ్లు అలా తెచ్చుకోవచ్చు. ఇల్లు ఇచ్చి నీళ్లివ్వకపోతే జనం ఆ ఇంట్లో ఉండరు, పాత ఇంట్లోనే అద్దె కడతారు.

దానికి తోడు మాజీ సైనికుల కోసం ఒక చిన్న నిధి అడుగుతున్నాను. ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ ఆర్గనైజేషన్ 1978 నుంచి ఉంది. అది పెద్ద నగరాల్లో ఫ్లాట్లు కడుతుంది, సభ్యుల వాయిదాల మీదే నడుస్తుంది. తెర్లాంలోనో బాడంగిలోనో సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే హవల్దారుకి అది పనికిరాదు. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ హామీతో 50 కోట్ల బాండ్లు చాలు. వెయ్యిమందికి తలా 5 లక్షలు. 9 శాతానికి 15 ఏళ్లయితే నెలకి 5 వేల చిల్లర, పెన్షన్ ఖాతా నుంచే కట్ అవుతుంది. విశాఖ తెచ్చిన 80 కోట్ల కంటే ఇది చిన్న మొత్తం. తీర్చే చెయ్యి ఖజానాది కాదు, సైనికుడిదే. రెండు రూపాయల వడ్డీ వ్యాపారికి పోయే డబ్బు మిగులుతుంది.

పెన్షన్ తీసుకుంటున్న మాజీ సైనికుల వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దగ్గర ఉంటాయి. ఆగిపోయిన ఇళ్ల వివరాలు హౌసింగ్ డివిజన్ దగ్గర ఉంటాయి. 2022 నుంచి బొబ్బిలిలో ఆర్డీవో ఆఫీసు కూడా ఉంది. ఆ రెండు జాబితాలూ అక్కడ ఒక బల్ల మీద పెట్టి కూర్చోమని మా మాజీ సైనికుల సంఘం తరఫున అర్జీ రాస్తున్నాం. మీ ఊళ్లో ఫౌజీ ఇల్లు ఏదైనా బేస్‌మెంట్ దగ్గరో, రూఫ్ లెవెల్ దగ్గరో ఆగి ఉంటే పేరు, సర్వే నంబరు, ఏ స్టేజీలో ఆగిందో, ఎంత అప్పు ఏ వడ్డీకి తెచ్చారో రాసి పట్టుకురండి. అర్జీకి జతచేస్తాం.